మరక వేరు, మాలిన్యం వేరు

గృహసీమ

విశాఖపట్నంలో రంగు కేవలం అలంకారం కాదు, ఇనుముకు కవచం. సముద్రం మీది నుండి వీచే ఉప్పుగాలికి కిటికీ ఊచలు, మెట్ల గ్రిల్లు, మేడమీది నీళ్ల ట్యాంకు స్టాండు ఏవీ ఎక్కువ కాలం నిలవవు. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, దానిపై ఎనామెల్ వేయకపోతే ఇనుము పొడిపొడిగా చేతికి రాలుతుంది. ఇళ్ల సంగతే ఇలా ఉంటే 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1941లో పునాదిరాయి పడిన నౌకా నిర్మాణ కేంద్రం, తరువాత వచ్చిన ఉక్కు కర్మాగారం సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ చేతుల మీదుగా జలప్రవేశం చేసిన ‘జలఉష’ మొదలుకొని నేటి వరకు ఈ తీరాన నీటిలోకి దిగిన ప్రతి ఓడ మీదా పేరు తెలియని ఎందరో రంగుల పనివారి చేతులు ఆడాయి. ఆ చేతుల వెనుక ఇళ్లున్నాయి. ఆ ఇళ్లకు ప్రతి సాయంత్రం రంగు మరకలతో చేరే బట్టలున్నాయి. వాటిని ఉతికే ఇల్లాళ్లున్నారు.

అలాంటి ఇల్లాలు ఒకరు రాసిన ఉత్తరమే ఈ నెల మన శీర్షికకు ఆధారం. పూర్ణా మార్కెట్‌కు దగ్గరలో కాపురముంటున్న ఆ సోదరి ఇలా అడిగారు: “మావారు రంగుల పని చేస్తారు. ఒకనాడు ఇళ్లకు, ఒకనాడు గేట్లకు, గ్రిల్లులకు. బట్టల మీద ఎండిపోయిన రంగు సబ్బుకూ పోవడం లేదు, బ్లీచింగ్‌కూ పోవడం లేదు. బట్ట వెలిసింది గానీ మరక కదలలేదు. రాత్రంతా థిన్నర్‌లో నానబెట్టమని పక్కింటి వారు చెప్పారు. మాకున్నది ఒకటే గది, అందులోనే వంట. ఇంకొక బాధ కూడా ఉంది. ఈ బట్టలతో వరుసలో నిలబడితే పక్కవారు ఏమనుకుంటారో అని మావారు మధ్యాహ్నం జుహ్ర్ నమాజుకు మస్జిదుకు వెళ్లడం మానేశారు. ఆ మరకలతో నమాజు చెల్లదా?”

ఈ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి: నమాజు చెల్లుతుందా, మరక ఎలా పోతుంది, థిన్నర్ వాడవచ్చునా. మూడింటిలో మొదటిదే పెద్దది కనుక దానితోనే మొదలుపెడదాం.

ముందుగా నమాజు సంగతి

నమాజుకు దుస్తులు పరిశుభ్రంగా ఉండాలన్నది అందరికీ తెలిసినదే. దివ్యఖుర్ఆన్‌లోని ‘ముద్దస్సిర్’ సూరా ఆరంభంలోనే దుస్తుల పరిశుభ్రతను గురించిన ఆదేశం ఉంది. అయితే ఇక్కడ పరిశుభ్రత అంటే అశుద్ధం, అంటే నజాసత్ లేకపోవడం. మలమూత్రాలు, రక్తం వంటివి అశుద్ధాలు. గోడకు పూసే రంగు, సున్నం, లప్పం, బురద, నూనె మరక ఇవేవీ వాటివల్లనే అశుద్ధాలు కావు. అశుద్ధం అంటిన బట్టను సైతం శ్రద్ధగా ఉతికిన తరువాత, కష్టపడినా వదలని రంగు జాడ మిగిలితే ఆ బట్ట పరిశుద్ధమైనదేనని ధర్మవేత్తలు చెప్పారు. అశుద్ధపు జాడకే అంత వెసులుబాటు ఉన్నప్పుడు, అసలు అశుద్ధమే కాని పెయింటు చుక్కను గురించి సందేహపడనక్కరలేదు. ఆ బట్టలతో చేసిన నమాజు చెల్లుతుంది.

కనుక సోదరీ, మీవారితో ఈ మాట ముందుగా చెప్పండి: బట్ట మీద మరక ఉండవచ్చు, అది మాలిన్యం కాదు. మరక పోగొట్టుకోవడం మంచి అలవాటు. మరక పోలేదని జమాఅతును పోగొట్టుకోవడం మాత్రం నష్టం.

ఏ రంగో తెలియకుండా మందు వేయరాదు

ఇక మరక సంగతి. వైద్యుడు రోగం తెలుసుకోకుండా మందు ఇవ్వడు. మనం మాత్రం ఏ రంగు అంటిందో తెలుసుకోకుండా ఇంట్లో ఉన్న బ్లీచింగ్ పొడినో, సోడానో, నిమ్మరసాన్నో ప్రయోగిస్తాం. బ్లీచింగ్ ద్రవం చేసే పని వర్ణాన్ని హరించడం. ఎండిన పెయింటు ఒక పొర. బ్లీచింగ్ ఆ పొరను కరిగించదు, చుట్టూ ఉన్న బట్ట రంగును పోగొడుతుంది, నూలు పోగును బలహీనపరుస్తుంది. ఉత్తరం రాసిన సోదరి ఇంట జరిగినది అదే.

ఇళ్లలో వాడే రంగులు ప్రధానంగా రెండు జాతులు. గోడలకు వేసే ఎమల్షన్, ఎక్రిలిక్ డిస్టెంపర్ నీటితో కలిపేవి. తలుపులకు, గ్రిల్లులకు వేసే ఎనామెల్, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ నూనె జాతివి; వీటిని టర్పెంటాయిల్‌తో పలుచన చేస్తారు. పనిచేసిన వారిని అడిగితే డబ్బా పేరు చెబుతారు. అడగడానికి వీలులేకపోతే చిన్న పరీక్ష ఉంది. దూదిని సర్జికల్ స్పిరిట్‌లో తడిపి మరక మీద అర నిమిషం గట్టిగా రుద్దండి. దూదికి రంగు అంటితే అది నీటి జాతి. అంటకపోతే నూనె జాతి అయి ఉంటుంది.

ఏ మందు వేసినా ముందు బట్ట అంచు లోపలివైపు ఒక చుక్క వేసి, పది నిమిషాలు ఆగి చూడాలి. బట్ట రంగు దిగినా, పోగు గట్టిపడినా ఆ మందు ఆ బట్టకు పనికిరాదు. మరక పూర్తిగా పోయేవరకు ఇస్త్రీ పెట్టరాదు, ఎర్రటి ఎండలో ఆరవేయరాదు. వేడి తగిలితే రంగు పోగులోకి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

నీటి రంగులు: ఎమల్షన్, డిస్టెంపర్

నీటితో కలిపిన రంగు ఎండిన తరువాత నీటితో ఎందుకు పోదు? ఈ ప్రశ్న చాలామందిని వేధిస్తుంది. ఎమల్షన్ డబ్బాలో ఉన్నది నీటిలో తేలే అతి సూక్ష్మమైన ప్లాస్టిక్ బిందువులు. నీరు ఆవిరైపోగానే ఆ బిందువులు ఒకదానికొకటి అతుక్కొని పలుచని ప్లాస్టిక్ పొరగా మారతాయి. ఆ తరువాత ఎంత నీరు పోసినా తిరిగి బిందువులుగా విడిపోవు. అందుకే తడిగా ఉన్నప్పుడు ఒక్క చెంబు నీళ్లతో పోయే మరక, మరునాటికి బకెట్టు నీళ్లకూ లొంగదు.

ఆ పొరను మెత్తబరిచేది ఆల్కహాల్. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్ గానీ, చేతులకు రాసుకునే ఆల్కహాల్ శానిటైజర్ గానీ సరిపోతుంది. చేయవలసిన క్రమం ఇది.

ముందుగా మందంగా ఉన్న పెచ్చును చెంచా అంచుతో మెల్లగా లేపండి. పదునైన కత్తి వాడితే పోగులు తెగుతాయి. తరువాత బట్టను తిరగవేసి, మరక కిందికి వచ్చేలా పాత నూలు గుడ్డ మీద పరవండి. వెనుకవైపు నుండి స్పిరిట్‌తో బాగా తడపండి. వెనుక నుండి వేస్తే కరిగిన రంగు ముందుకు వచ్చి కింది గుడ్డకు అంటుతుంది. ముందు నుండి రుద్దితే రంగు పోగులోకి ఇంకా దిగుతుంది. పది నిమిషాలు ఆగండి. ఆరిపోతున్నట్లు కనిపిస్తే మళ్లీ తడపండి. అప్పుడు పాత పళ్ల బ్రష్‌తో మరక అంచు నుండి మధ్యకు రుద్దండి. కింది గుడ్డకు రంగు అంటినప్పుడల్లా శుభ్రమైన చోటికి జరపండి. తరువాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, గోరువెచ్చని నీటితో రుద్ది జాడించండి. ఒక్కసారికి పోకపోతే రెండుసార్లు, మూడుసార్లు ఇలాగే చేయాలి. మొదటిసారికే పోవాలని బలం ప్రయోగించేవారే బట్టను చింపుకుంటారు.

స్పిరిట్‌లో, శానిటైజర్‌లో ఆల్కహాల్ ఉంది కదా, బట్ట అశుద్ధమవుతుందేమోనని కొందరికి సందేహం కలుగుతుంది. ఈ విషయంలో పండితుల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. అయితే ఇక్కడ ఆచరణ సులభం. పని ముగిశాక బట్టను మూడుసార్లు వేర్వేరు నీళ్లలో జాడించి పిండండి. ఇక సందేహానికి తావుండదు.

నూనె రంగులు: ఎనామెల్, రెడ్ ఆక్సైడ్

ఎనామెల్ ఆరే తీరు వేరు. అందులోని టర్పెంటాయిల్ ఆవిరైపోయాక, మిగిలిన నూనె జాతి పదార్థం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడుతుంది. ఈ గట్టిపడటం ఒక్క పూటలో ముగిసేది కాదు. చేతికి అంటనంత ఆరిన తరువాత కూడా రోజుల తరబడి లోపల సాగుతూనే ఉంటుంది. అందుచేత నిన్నటి ఎనామెల్ మరకకూ, నెల కిందటి మరకకూ చాలా తేడా ఉంది. నిన్నటిది వదులుతుంది. నెల కిందటిది మెత్తబడుతుంది గానీ పూర్తిగా కరగదు. తేమ ఎక్కువగా ఉండే వర్షాకాలంలో ఎనామెల్ నెమ్మదిగా ఆరుతుంది కనుక ఆ రోజుల్లో మనకు కొంత వ్యవధి దొరుకుతుంది. అయినా ఆదివారం ఉతుకుదామని పని బట్టలను వారమంతా మూలన పోగు వేయడం మంచిది కాదు. ఏ రోజు మరకకు ఆ రోజే మందు వేయాలి.

దీనికి తగిన మందు టర్పెంటాయిల్. రంగుల దుకాణంలో చిన్న సీసాలో దొరుకుతుంది. పద్ధతి పైన చెప్పినదే: బట్టను తిరగవేసి, కింద పాత గుడ్డ పరచి, వెనుక నుండి తడపడం. అయితే పదిహేను నిమిషాలు ఆగాలి. బట్ట మొత్తాన్ని ముంచనక్కరలేదు. మరక ఉన్నచోట రెండు మూడు చెంచాలు చాలు. మెత్తబడిన రంగును చెంచా అంచుతో లేపి, మళ్లీ తడిపి, బ్రష్‌తో రుద్దాలి. కింది గుడ్డకు ఇక రంగు అంటని స్థితి వచ్చిన తరువాత, నీరు తగలకముందే గిన్నెలు తోమే లిక్విడ్‌ను నేరుగా మరక మీద వేసి చేతితో నలపండి. టర్పెంటాయిల్ జిడ్డును పట్టేది అదే. ముందుగా నీరు పోస్తే జిడ్డు బట్టంతా పాకుతుంది. ఆ తరువాత గోరువెచ్చని నీటితో జాడించి, వాసన పోయేదాకా గాలి తగిలే నీడలో ఆరవేసి, అప్పుడే మామూలుగా ఉతకాలి.

టర్పెంటాయిల్ లేనప్పుడు కిరసనాయిలు కూడా కొంత పని చేస్తుంది. అయితే జిడ్డు, వాసన ఎక్కువ. రేషన్ దుకాణాల్లో ఇచ్చే కిరసనాయిలుకు నీలిరంగు కలిపేవారు కనుక తెల్లబట్టకు అది అసలే పనికిరాదు.

సున్నం, లప్పం, పాలిష్

పండుగకు ముందు ఇంటికి సున్నం వేయించుకునే అలవాటు పాత ఇళ్లలో ఇంకా ఉంది. ఎండిన సున్నం మరకను ముందు పొడిగానే బ్రష్‌తో దులిపి, మిగిలిన దాని మీద నీళ్లు కలిపిన వెనిగర్ గానీ నిమ్మరసం గానీ వేస్తే సున్నం బుసబుసమని పొంగి కరుగుతుంది. వెంటనే నీటితో బాగా జాడించాలి. తడి సున్నం కంటికి, చర్మానికి హాని చేస్తుంది కనుక పిల్లలను దగ్గరకు రానీయరాదు. గోడకు పట్టించే లప్పం ఎండితే చాలావరకు నలిపి దులిపితే రాలిపోతుంది.

వడ్రంగులు వాడే లక్క పాలిష్ స్పిరిట్‌కు కరుగుతుంది. పిల్లల బడి రంగులు చాలావరకు నీటికి, సబ్బుకు పోతాయి. గోళ్ల రంగును, ఆ జాతికి చెందిన కొన్ని లాకర్లను అసిటోన్ కరిగిస్తుంది. కానీ అసిటోన్ అసిటేట్ పట్టును, కొన్ని ప్లాస్టిక్ గుండీలను కూడా కరిగిస్తుంది. బుర్ఖా మీద, జరీ పని ఉన్న దుస్తుల మీద పరీక్షించకుండా దానిని వేయరాదు. నిజమైన పట్టు, ఉన్ని బట్టలైతే ఇంట్లో ప్రయోగాలు మాని డ్రైక్లీనింగ్ వారికి ఇవ్వడమే మేలు. ఇచ్చేటప్పుడు ఏ రంగు, ఎన్నాళ్లయింది, ఇంట్లో ఏమి వేశారు అన్న మూడు సంగతులూ చెప్పాలి.

వదలని రంగులు

ఓడలకు, పెద్ద ట్యాంకులకు, కర్మాగారాల గచ్చుకు వేసే రంగుల్లో చాలావరకు రెండు డబ్బాలవి. పూసే ముందు ఒక డబ్బాలోని పదార్థాన్ని రెండవ దానితో కలుపుతారు. ఎపాక్సీ ఇలాంటిదే. కలిపిన వెంటనే రెండింటి మధ్య రసాయన చర్య మొదలై, అది ముగిశాక పొర రాయిలా మారుతుంది. బట్టకు హాని చేయకుండా దానిని కరిగించే మందు మన ఇళ్లలో లేదు. ఓడరేవు పనుల నుండి వచ్చిన బట్టల మీద ఇలాంటి మరక కనిపిస్తే దానితో పోరాడి ప్రయోజనం లేదు. ఆ జతను పని జతగానే ఉంచండి. అది ఇల్లాలి చేతగానితనమేమీ కాదు. ఉప్పునీటిని ఏళ్ల తరబడి తట్టుకోవడానికే ఆ రంగును తయారు చేశారు.

వంటగదిలో థిన్నర్ వద్దు

ఇక ఉత్తరంలోని మూడవ ప్రశ్న. రాత్రంతా థిన్నర్‌లో నానబెట్టవచ్చునా? ఎంతమాత్రం వద్దు. ఒకే గదిలో వంట, నిద్ర ఉన్న ఇంట్లో అయితే అసలే వద్దు.

థిన్నర్‌లో సాధారణంగా టోలుయిన్ వంటి ద్రవాలుంటాయి. టోలుయిన్ ఆవిరి నిప్పంటుకోవడానికి కావలసిన వేడి 4 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. అసిటోన్‌కు అది సున్నా కంటే 20 డిగ్రీలు తక్కువ. అంటే విశాఖ వాతావరణంలో ఏడాది పొడవునా, పగలూ రాత్రీ వాటి ఆవిరి నిప్పు కోసం సిద్ధంగా ఉంటుందన్నమాట. ఆ ఆవిరి గాలికంటే బరువైనది. పైకి పోకుండా నేలబారుగా పాకి, గదికి ఆ మూలనున్న పొయ్యిని కూడా చేరగలదు. మూతలేని బకెట్టులో థిన్నర్ పెట్టి తెల్లవారుజామున పాలు కాయడానికి పొయ్యి వెలిగించిన ఇంట్లో ఏమి జరగవచ్చునో ఊహించుకోండి. నిప్పు సంగతి అలా ఉంచితే, మూసిన గదిలో ఆ ఆవిరిని రాత్రంతా పీల్చడం వల్ల తలనొప్పి, మత్తు, వాంతులు కలుగుతాయి. గర్భిణులకు, పసిపిల్లలకు అది మరింత కీడు.

టర్పెంటాయిల్, స్పిరిట్ కూడా మండేవే. కనుక ఏది వాడినా మేడమీదనో, వాకిట్లోనో, పొయ్యికీ దీపానికీ అగరుబత్తికీ దూరంగా పగటిపూట వాడాలి. రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఆ ద్రవం తగిలిన బట్టను వాసన పూర్తిగా పోకముందు వాషింగ్ మెషిన్‌లో వేయరాదు. నూనె రంగు, అవిసె నూనె అంటిన గుడ్డపీలికలను ఉండచుట్టి మూలన పడవేయరాదు. అవి గాలితో కలిసి తమలో తామే వేడెక్కి మండిన సందర్భాలు ఉన్నాయి. వాటిని విప్పి, ఆరుబయట పరచి, పూర్తిగా ఆరిన తరువాతే పారవేయాలి. బ్లీచింగ్ ద్రవాన్ని యాసిడ్‌తో గానీ, స్పిరిట్, అసిటోన్‌లతో గానీ ఎన్నడూ కలపరాదు. విషవాయువులు పుడతాయి.

మరొక ముఖ్యమైన హెచ్చరిక. టర్పెంటాయిల్‌ను నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచరాదు. దాహంతో వచ్చిన పిల్లవాడికి అది నీళ్లలాగే కనిపిస్తుంది. పొరపాటున తాగితే వాంతి చేయించరాదు. వాంతి వేళ ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణాపాయం కలుగుతుంది. సీసాను వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కంటికి కనిపించని సీసం

రంగుల పనివారి ఇళ్లలో మరక కంటే ఎక్కువగా భయపడవలసినది దుమ్ము. పాత ఎనామెల్ రంగుల్లో, ప్రైమర్లలో సీసం విరివిగా ఉండేది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. అయితే అంతకు ముందు పూసిన రంగు ఇంకా పాత తలుపుల మీద, గ్రిల్లుల మీద ఉంది. కొత్త రంగు వేసే ముందు ఉప్పుకాగితంతో దానిని గీకినప్పుడు లేచిన దుమ్ము పనివాని బట్టల్లో ఇల్లు చేరుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని చాలా పెద్దది. ఇంత మోతాదైతే ఫరవాలేదని చెప్పగల పరిమితి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది.

కనుక పని బట్టలను ఇంట్లో దులపరాదు. గుమ్మం దగ్గరే విప్పి, ఒక సంచిలో వేసి, పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. పాత మరకను గీకవలసి వస్తే ముందు తడిపి గీకాలి. రాలిన పెచ్చులను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడిచి తీయాలి. తండ్రి ఇంటికి రాగానే పిల్లలు పరుగెత్తి కాళ్లకు చుట్టుకుంటారు. ఆ పిలుపును రెండు నిమిషాలు ఆపి, చేతులు కడుక్కొని, బట్టలు మార్చుకొని ఎత్తుకోవడం ప్రేమలో భాగమే.

చేతులు, గోళ్లు, వుజూ

బట్ట మీది రంగు నమాజుకు ఆటంకం కాదన్నాం. చర్మం మీది రంగు సంగతి వేరు. వుజూలో కడగవలసిన అవయవాలకు నీరు చర్మందాకా చేరాలి. మెహందీ వంటిది చర్మానికి వర్ణాన్ని మాత్రమే ఇస్తుంది, పొరను మిగల్చదు. ఎండిన ఎనామెల్, ఎమల్షన్ పొరలా అంటుకొని ఉంటాయి కనుక వాటిని తీసి వుజూ చేయాలి. గాయం కాకుండా తీయలేని స్థితి ఏర్పడితే షరీఅత్ ఇబ్బందిని పరిగణిస్తుంది. అద్దకం పనివారి గోళ్ల విషయమై ఫిఖ్హ్ గ్రంథాల్లో చర్చ కూడా ఉంది. మీ పరిస్థితికి ఏది వర్తిస్తుందో మీ మస్జిదు ఇమామ్ సాహెబ్‌ను అడిగి తెలుసుకోండి.

చాలామంది పనివారు చేతులను థిన్నర్‌తో కడుగుతారు. అది చర్మంలోని సహజమైన జిడ్డును లాగివేసి పగుళ్లు తెస్తుంది, చర్మం గుండా ఒంట్లోకీ ఇంకుతుంది. దానికి బదులు కొబ్బరినూనె గానీ వేరుశనగనూనె గానీ రాసి, రెండు మూడు నిమిషాలు మర్దించి, కాస్త పంచదారతో రుద్ది సబ్బుతో కడిగితే ఆనాటి రంగు చాలావరకు వదులుతుంది. పనికి ముందే చేతులకు, గోళ్ల చుట్టూ పలుచగా కొబ్బరినూనె లేదా వాసలిన్ రాసుకుంటే రంగు గట్టిగా పట్టదు. తొడుగులు వేసుకోగలిగితే ఇంకా మంచిది.

పనికి ఒక జత, ప్రార్థనకు ఒక జత

దైవప్రవక్త (స) కాలంలో ప్రజలు తమ పనులు తామే చేసుకునే శ్రమజీవులని, జుమాకు ఆ పని బట్టలతోనే చెమటతో వచ్చేవారని, స్నానం చేసి వస్తే బాగుంటుందని వారికి చెప్పడం జరిగిందని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన విషయం బుఖారీలో ఉంది. పని బట్టలు కాక జుమా కోసం మరొక జత ఉంచుకోవడాన్ని దైవప్రవక్త (స) ప్రోత్సహించిన సంగతి అబూదావూద్, ఇబ్నెమాజా గ్రంథాల్లో కనిపిస్తుంది. ఈ రెండు హదీసుల్లోనూ గమనించవలసిన మర్యాద ఒకటుంది. శ్రమను తక్కువ చేయలేదు, శ్రమించేవారిని మస్జిదుకు దూరం చేయలేదు. వారికి అందుబాటులో ఉన్న సులువైన మార్గం చూపించారు.

ఆ మార్గం నేటి రంగుల పనివారికీ అందుబాటులో ఉన్నదే. ఉతికిన లుంగీ ఒకటి, చొక్కా ఒకటి మడిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, అన్నం క్యారేజీతో పాటు పని సంచిలో ఉంచండి. దానితో పాటు చిన్న సీసాలో కొబ్బరినూనె, సబ్బు ముక్క. జుహ్ర్ వేళకు అయిదు నిమిషాలు ముందుగా చేతులు శుభ్రం చేసుకొని, బట్టలు మార్చుకొని, వుజూ చేసి వెళ్లవచ్చు. మార్చుకునే చోటు దొరకని రోజున పని బట్టలతోనే వెళ్లవచ్చు. రంగు తడిగా ఉంటే మాత్రం పక్కవారి బట్టలకు, మస్జిదు చాపలకు అంటకుండా చూసుకోవాలి. అది తోటివారి హక్కు.

ఆ తోటివారికి కూడా ఒక బాధ్యత ఉంది. కూరగాయల బస్తా మోసి వచ్చినవారి భుజం మీద మట్టి ఉంటుంది, చేపలు అమ్మి వచ్చినవారి చేతికి వాసన ఉంటుంది, రంగులు వేసి వచ్చినవారి చొక్కా మీద చుక్కలుంటాయి. హలాలు సంపాదన కోసం పడిన శ్రమకు అవి గుర్తులు. అలాంటి సోదరుడు వరుసలో మన పక్కన నిలబడితే ఒక అడుగు అటు జరగడం కాదు, భుజానికి భుజం కలపడం మన ధర్మం. మస్జిదు కమిటీలు వుజూఖానా దగ్గర ఒక సబ్బు, బట్టలు తగిలించుకోవడానికి నాలుగు మేకులు, మార్చుకోవడానికి ఒక తెర ఏర్పాటు చేస్తే పెద్ద ఖర్చేమీ కాదు. మధ్యాహ్నపు వరుసల్లో ఇంకొందరు చేరతారు, ఇన్షా అల్లాహ్.

ఇక ఇల్లాళ్లకు చివరిగా ఒక మాట. ఈ వారమే ఒక పాత డబ్బాలో సర్జికల్ స్పిరిట్, పేరు రాసిన టర్పెంటాయిల్ సీసా, పాత పళ్ల బ్రష్, చెంచా, నాలుగు నూలు గుడ్డలు సర్ది, పిల్లలకు అందని చోట, పొయ్యికి దూరంగా ఉంచుకోండి. మరక పడిన రోజునే వెనుకవైపు నుండి, ఓపికగా, వేడి తగలనీయకుండా పని చేయండి. పోయే మరకలు పోతాయి. పోనివి పని జత మీద ఉండిపోతే ఉండనివ్వండి.